ఎనిమిది మార్కుల ప్రశ్న

అమలాపురంలో స్పాట్ వాల్యుయేషన్, నాలుగో రోజు.
పూటకు పదిహేను పేపర్లు,
గాలికన్నా చప్పుడెక్కువ ఫ్యాను,
కిటికీ అవతల కొబ్బరాకు కదలని ఏప్రిల్.

పదకొండో ప్రశ్న: కథానిక లక్షణాలను సోదాహరణంగా వివరించండి.
ఇతివృత్తం, పాత్రలు, నేపథ్యం, సంఘర్షణ, ముగింపు.
పొద్దుటి నుంచి పద్నాలుగుసార్లు చదివాను,
ఒకే గైడు, అవే కామాలు, అదే అచ్చుతప్పు:
క్లుప్తతకు బదులు "క్లుప్తిత".
నా ప్రమేయం లేకుండానే ఎర్ర పెన్ను టిక్కులు పెడుతోంది.

పదిహేనోది.
పేరు లేదు, నంబరు మీద స్టిక్కరు,
గోదావరికి ఏ ఒడ్డుదో,
అమ్మాయో అబ్బాయో కూడా తెలియదు.
మొదటి వాక్యం మాత్రం గైడులోంచి రాలేదు:
"నేపథ్యం అంటే మా నాన్న నిలబడే చోటు.
కాలవ గట్టు మీద, షట్టరు పక్కన, మూరెడు సిమెంటు దిమ్మ."

లస్కరు ఏసోబు.
"పాత్ర అంటే మంచోడా చెడ్డోడా అని కాదండి,
చేతిలో ఏముందో చెప్పడం."
ఏముందో రాసింది ఆ చెయ్యి:
షట్టరు తిప్పే ఇనప హేండిలు,
రాత్రి తలగడ కింద పెట్టుకుంటే
తెల్లారి మొహం కడిగినా చెంప మీద పోని దాని వంపు.

ఎత్తుగడ అనే మాటే వాడలేదు.
నేరుగా, "పోయినేడు కాలవ కట్టేయడానికి మూడు రోజులుంది."
డెల్టాలో పుట్టినవాడికి ఇంకేం చెప్పాలి?
శివారు పేటలో మంచినీళ్ల చెరువు మోకాల్లోతు,
పైన దాళ్వా చేలు పాలకంకి మీద,
ఉన్న నీరు ఒకదానికే.

సంఘర్షణ దగ్గర దస్తూరీ మారింది,
ఒకచోట పెన్ను కాగితాన్ని చీల్చింది.
"అర్ధరాత్రి మోటారుసైకిలు మీద ఇద్దరొచ్చారు.
ఏవండీ ఏసోబుగారూ అన్నారు.
మా నాన్నను గారూ అనగా వినడం అదే మొదలు.
అమ్మ లైటు వేయలేదు."

ఆ లైటు వేయని వాక్యం దగ్గర
టిక్కు పెట్టబోయి ఆగాను.
పాతికేళ్లుగా ధ్వని పాఠం చెబుతున్నాను,
నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాసి చెరిపానో.
ఇంత చీకట్లో ఎప్పుడూ వినలేదు.

"నాన్న హేండిలు పట్టుకుని వాళ్లతో వెళ్లాడు.
కోడి కూసే వేళకు ఒక్కడే వచ్చాడు.
కాళ్లకు బురద ఉంది.
చేలో మట్టి నల్లన, చెరువు గట్టుకు పోసిన గ్రావెలు ఎర్రన.
నేనే చెంబుతో నీళ్లు పోశాను. చూశాను."

కింద, "ముగింపు:"
ఆ రెండు చుక్కల తర్వాత
గీతల కాగితం ఖాళీగా, అట్టడుగు వరకూ.
గంట కొట్టేశారా?
చూసిన రంగు రాయబుద్ధి కాలేదా?

చీఫ్ మట్టపర్తిగారిని అడిగాను.
కళ్లజోడు నుదుటి మీదికి తోసి,
"స్కీము ప్రకారం ముగింపుకి ఒకటండి.
రాయనిదానికి ఎలా వేస్తాం?
ఆ ఉదాహరణ సిలబస్సులోదీ కాదాయె" అని,
పేపరు ఇచ్చేస్తూ, గొంతు తగ్గించి,
"ఇంతకీ ఏ బురదంటారు?"

టీలు తెచ్చిన కుర్రాడు ట్రేతో నిలబడిపోయాడు.
"నల్లదేనండి. ఎవరైనా నల్లదే."
పక్కబల్ల రెజీనా మేడం ఒప్పుకోలేదు.
"నల్లదైతే ఆ పిల్ల పరీక్షలో రాసేదే కాదు."
అమ్మాయని మీకెలా తెలుసన్నాను.
"నీళ్లు పోసింది కదా" అంది, తలెత్తకుండా.

ఏడు వేసి సంతకం పెట్టాను.
కట్ట కట్టి తీసుకుపోయారు.

సాయంత్రం బస్సు కాలవ వంతెన దాటింది.
నీళ్లు ఆపేసి వారమైంది,
అడుగున నెర్రెలిచ్చిన ఒండ్రు,
ఎండిన గుర్రపుడెక్క, ఎవరిదో ఒంటి చెప్పు.
ముక్కామల దాకా
కిటికీ పక్క సీటులో కూర్చుని
ఎక్కేవాళ్ల కాళ్లే చూశాను.